ఫుల్ మంట సరే... సిమ్ సంగతేంటి?

స్టవ్వుల షోరూమ్‌లో ఒక తంతు ఉంటుంది. మనం ఏ మోడల్ ముందు ఆగినా సేల్స్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి నాబ్‌ని ఫుల్‌కి తిప్పుతాడు. డెమోకి గ్యాస్ ఉంటే భుస్సుమని నీలం మంట లేస్తుంది. లేకపోతే టకటకమని స్పార్క్ అయినా కొడుతుంది. "ఐదు కిలోవాట్లు సార్! హోటల్ మంట!" అంటాడు. మనం కూడా అబ్బో అనుకుంటాం. పక్కనున్న వాళ్లు ఫోన్ తీసి వీడియో కూడా తీస్తారు.

అదే బర్నర్‌ని సిమ్‌లో పెట్టి చూపించమని మాత్రం ఎవరూ అడగరు.

ఖరీదైన స్టవ్వు కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే అని నా అభిప్రాయం. పెద్ద మంట ఇవ్వడం తేలిక. జెట్ రంధ్రం పెద్దది చేసి గ్యాస్ ఎక్కువ వదిలితే చాలు. మంటని చిటికెన వేలంత సన్నగా, రెపరెపలాడకుండా, గంటసేపు ఒకేలా నిలబెట్టడం కష్టం. అరవై వేల స్టవ్వు ఆరు వేల స్టవ్వు కంటే నిజంగా మెరుగా కాదా అన్నది అక్కడే తేలుతుంది.

ఈ మధ్య నాకొచ్చే మెసేజుల్లో సగం ఇవే. కొత్త ఫ్లాట్, కొత్త మాడ్యులర్ కిచెన్, లాక్‌డౌన్‌లో పట్టుకున్న గరిటె ఇంకా చేతిలోనే ఉంది. "బడ్జెట్ పర్లేదు, బెస్ట్ స్టవ్వు చెప్పండి" అంటారు. నేను తిరిగి "ఏం వండుతారు?" అని అడుగుతాను. కొంతమందికి చిరాకు వస్తుంది. కానీ ఆ జవాబు లేకుండా స్టవ్వు చెప్పడం, కాలి సైజు అడక్కుండా చెప్పులు ఇవ్వడం లాంటిది.

ముందు వంట, తర్వాత స్టవ్వు

మన ఇళ్లలో వండేవాటిని కూర దినుసులని బట్టి కాకుండా మంటని బట్టి విడదీసి చూడండి.

పెద్ద మంట కావాల్సినవి: గారెలు, పూరీలు, పునుగులు. బిర్యానీ బియ్యానికి ఎసరు. చుట్టాలొచ్చినప్పుడు పదిహేను మందికి అన్నం. హోటల్లో లాగా పొగలు కక్కే ఫ్రైడ్ రైస్.

నేరుగా మంట తగలాల్సినవి: జొన్నరొట్టె, పుల్కా, పచ్చడికి కాల్చే వంకాయ.

సన్న మంట కావాల్సినవి: ఇక్కడ లిస్టు పెరుగుతూనే ఉంటుంది. చేపల పులుసు. గోంగూర మటన్. నెయ్యి కాచడం. అరిసెల పాకం. కోవా. అడుగు ఎర్రగా, లోపల మెత్తగా రావాల్సిన దిబ్బరొట్టె. గంజులో ఒత్తి మూత పెట్టే సర్వపిండి. దమ్ మీద ఉన్న బిర్యానీ. పొద్దున్నే పాలు.

మన వంటలో రుచి అంతా రెండో అంకంలో, మంట తగ్గించిన తర్వాతే వస్తుంది. పల్లెటూళ్లలో దాలి గురించి మీ అమ్మమ్మని అడగండి. పిడకలు రాజేసిన గుంట మీద పాలకుండ పెడితే, పొద్దున పెట్టింది సాయంత్రం దాకా మెల్లగా కాగుతుంది. పైన ఎర్రటి మీగడ మందంగా కడుతుంది. కట్టెల పొయ్యి దగ్గర కూడా అంతే. మంట తగ్గించాలంటే కట్టె వెనక్కి లాగేవాళ్లు, నిప్పుల మీద గిన్నె పెట్టేవాళ్లు. మూత మీద కూడా నిప్పులు వేసేవాళ్లు. ఆ చేతివాటం అంతా ఇప్పుడు ఒక నాబ్‌లోకి వచ్చేసింది. ఆ నాబ్ ఎంత బాగా పనిచేస్తుందన్నదే మీరు కొనేది.

కిలోవాట్ల లెక్క

బర్నర్ బలాన్ని కిలోవాట్లలో చెబుతారు. హాబ్‌ల మీద మామూలుగా చిన్న బర్నర్ ఒక కిలోవాట్, మధ్యది ఒకటిన్నర నుంచి రెండు, పెద్దది మూడు దాకా ఉంటుంది. మంట రెండు మూడు వలయాలుగా వచ్చే ట్రిపుల్ రింగ్ బర్నర్ అయితే మూడున్నర నుంచి ఐదు.

ఇది వంటింట్లో ఎలా కనిపిస్తుందో చూద్దాం. 5 లీటర్ల నీళ్లు, 30 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి మరిగించాలి. గ్యాస్ వేడిలో సుమారు 65 శాతం గిన్నెకి చేరుతుందనుకుందాం. ఒకటిన్నర కిలోవాట్ల బర్నర్ మీద దాదాపు 25 నిమిషాలు పడుతుంది. మూడు కిలోవాట్ల మీద 12, 13 నిమిషాలు. ఐదు కిలోవాట్ల మీద ఎనిమిది నిమిషాల లోపే. ఇది కాగితం మీద లెక్క. మూత పెట్టారా, గిన్నె ఎంత వెడల్పు అన్నదాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది.

ఒకటిన్నర నుంచి మూడుకి వెళ్తే 12 నిమిషాలు మిగిలాయి. మూడు నుంచి ఐదుకి వెళ్తే మిగిలింది ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాలు మీకు వారానికి ఎన్నిసార్లు కావాలి? ప్రతి ఆదివారం పదిమందికి వండే ఇల్లయితే డబ్బులు పెట్టండి, తప్పులేదు. ఇద్దరే ఉండి, వీకెండ్‌లో నలుగురు ఫ్రెండ్స్ వచ్చే ఇల్లయితే మూడు కిలోవాట్ల బర్నర్ హాయిగా సరిపోతుంది.

ఇంకో విషయం. మంట గిన్నె అంచు దాటి పక్కల నుంచి పైకి ఎగబాకుతుంటే, ఆ వేడి వంటకి వెళ్లడం లేదు, మీ మొహానికి వస్తోంది. 5 కిలోవాట్ల బర్నర్ మీద చిన్న తాలింపు గిన్నె పెడితే జరిగేది అదే. మన ఐఎస్ 4246 ప్రమాణం ప్రకారం ఇంటి ఎల్‌పీజీ స్టవ్వు కనీసం 68 శాతం వేడిని గిన్నెకి చేర్చాలి. ఆ పరీక్షకి బర్నర్‌కి తగ్గ సైజు గిన్నె వాడతారు. మన వంటింట్లో ఆ జాగ్రత్త మనమే తీసుకోవాలి.

సిలిండర్ లెక్క కూడా చూడండి. ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. మూడు కిలోవాట్ల బర్నర్‌ని ఫుల్‌లో పెడితే గంటకి పావుకిలోకి కాస్త తక్కువ కాలుతుంది. అంటే సిలిండర్ మొత్తం 60 గంటలు. ఐదు కిలోవాట్లది అయితే 36 గంటలే.

సిమ్ టెస్ట్

ట్రిపుల్ రింగ్ బర్నర్లలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో అన్ని వలయాలకీ గ్యాస్ ఒకే దారిలో వెళ్తుంది. నాబ్ తగ్గిస్తే అన్నీ కలిసి తగ్గుతాయి. ఎంత తగ్గించినా ఆ వలయాలన్నిటికీ చాలినంత గ్యాస్ వెళ్లాలి కాబట్టి సిమ్ కూడా మన పాత స్టవ్వు మీడియం అంత ఉంటుంది. రెండో రకంలో లోపలి చిన్న వలయానికి వేరే దారి ఉంటుంది. నాబ్ బాగా తగ్గిస్తే బయటి వలయాలు పూర్తిగా ఆరిపోయి లోపలిది ఒక్కటే వెలుగుతుంది. డబ్బు ఎక్కువ పెడుతున్నారంటే అది రెండో రకం అయ్యుండాలి. బ్రోషర్‌లో గరిష్ఠం ఎంతో పెద్ద అక్షరాలతో వేస్తారు. కనిష్ఠం ఎంతో అడగండి.

మంట ఉన్న డెమో దొరికితే ఈ నాలుగు పనులు చేయండి.

ఒకటి, సిమ్‌లో పెట్టి రెండు నిమిషాలు ఊరికే చూడండి. మంట చుట్టూ ఒకే ఎత్తులో, నీలంగా ఉండాలి. ఒక వైపు పసుపు నాలుకలు లేస్తుంటే గాలి, గ్యాస్ సరిగ్గా కలవడం లేదు. అలాంటి మంటే గిన్నెల అడుగున మసి పట్టిస్తుంది.

రెండు, సిమ్‌లో ఉండగా కింద కబోర్డ్ తలుపు టప్‌మని వేయండి. ఆరిపోయిందంటే మీ ఇంట్లో రోజూ ఆరిపోతుంది.

మూడు, ఫుల్ నుంచి సిమ్‌కి ఒక్కసారిగా తిప్పండి. అప్పుడూ ఆరకూడదు.

నాలుగు, ఫుల్‌కీ సిమ్‌కీ మధ్యలో ఆపి చూడండి. కొన్ని నాబ్‌లు ముప్పావు వంతు తిరిగేదాకా ఏమీ మారవు, చివర్లో ఒక్కసారిగా పడిపోతాయి. తీగపాకానికీ ముదురుపాకానికీ మధ్య మీకు అర నిమిషమే ఉంటుంది. అలాంటి నాబ్‌తో అరిసెలు చేయడం నరకం.

మంట చూపించని షాపులో, లేదా ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ఆ మోడల్ ఉన్న ఇల్లు ఒకటి వెతికి, వాళ్లింట్లో పాలు కాచి రండి. నవ్వకండి. అరవై వేలు పెట్టేముందు అరలీటరు పాలు పెద్ద ఖర్చేం కాదు.

నాలుగు బర్నర్లు, రెండు గిన్నెలు

ఇప్పుడు మా అక్క వాళ్ల సంగతి చెప్పాలి. నిజాంపేటలో ఫ్లాట్ చేతికొచ్చింది. మాడ్యులర్ కిచెన్ సగం అయింది. హాబ్‌కి డెబ్బై వేలు పక్కన పెట్టుకున్నారు. గ్రానైట్ కోసే మనిషి శనివారం వస్తానన్నాడు. గురువారం రాత్రి బావ ఫోన్. "ఏరా, రివ్యూలన్నీ చూశాను. నాలుగు బర్నర్లు, ట్రిపుల్ రింగ్, 60 సెంటీమీటర్లు. ఫైనల్ చేసేయమంటావా?"

హాబ్‌తో వచ్చిన చిక్కు ఇదే. మామూలు స్టవ్వు నచ్చకపోతే ఎత్తి పక్కన పెట్టొచ్చు. హాబ్ కోసం గ్రానైట్ కోశాక అది మళ్లీ అతుక్కోదు. కోత సైజు కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. రేపు ఇంకోటి కొనాలంటే ఆ రంధ్రానికి సరిపోయేదే వెతుక్కోవాలి, లేదంటే గట్టు మార్చుకోవాలి. తప్పుడు స్టవ్వుతో ఏళ్ల తరబడి కాపురం చేయాల్సి వస్తుంది.

శుక్రవారం సాయంత్రం వెళ్లాను. రెండు న్యూస్‌పేపర్లు అతికించి హాబ్ సైజుకి కత్తిరించి గట్టు మీద పరిచాం. బ్రోషర్‌లో ఉన్న కొలతలతో బర్నర్లు ఎక్కడొస్తాయో పెన్నుతో గుండ్రాలు గీశాం. తర్వాత అక్క రోజూ వాడే గిన్నెలు తెచ్చి వాటి మీద పెట్టాం. 5 లీటర్ల కుక్కర్, దోసెల పెనం, ఆదివారం బిర్యానీ గిన్నె, పాలగిన్నె.

బిర్యానీ గిన్నె ఒక్కటి పెట్టేసరికి పక్క బర్నర్ సగం మూసుకుపోయింది. పెనం పెడితే దాని కాడ కుక్కర్‌కి తగులుతోంది. నాలుగు బర్నర్ల మీద నిజంగా కుదిరింది రెండు పెద్ద గిన్నెలు, ఒక చిన్నది. వెనక బర్నర్ మీదున్న గిన్నెలో కలపాలంటే ముందున్న ఆవిరి మీదుగా చెయ్యి చాపాలి. బావ ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు.

బర్నర్ల లెక్క కంటే వాటి మధ్య దూరం ముఖ్యం. 75 లేదా 80 సెంటీమీటర్ల వెడల్పులో మూడు బర్నర్లు, 60 సెంటీమీటర్లలో నాలుగింటి కంటే మన గిన్నెలకి మేలు. ఈ పేపర్ టెస్ట్‌కి అయ్యే ఖర్చు సున్నా. కచ్చితంగా చేయండి.

స్టవ్వు ముందు నిలబడేదెవరు?

అక్కకి ఆఫీసు. రాత్రి వంట, వీకెండ్ వంట తనది. పొద్దున వంట అంతా అత్తయ్యగారిది. ఆవిడ ఎత్తు ఐదడుగుల లోపే. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. అప్పటిదాకా ఏ హాబ్ కావాలో ఆవిణ్ని ఎవరూ అడగలేదు. అడిగితే ఒక్క మాట చెప్పారు. "నాయనా, నా పాలగిన్నె ఒరగకుండా నిలబడాలి. చీకట్లో కూడా ఏది కట్టేశానో నాకు తెలియాలి."

ఇంతకంటే మంచి కొలమానం నాకు ఏ రివ్యూలోనూ దొరకలేదు.

ఒరగకుండా నిలబడాలి అంటే గిన్నె కింద ఉండే ఇనుప కాళ్లు దగ్గరగా ఉండాలి. చాలా హాబ్‌ల మీద అవి పెద్ద గిన్నెలకే సరిపోతాయి. చిన్న ఇత్తడి గిన్నె, కాఫీ గిన్నె పెడితే ఒక కాలు గాల్లో ఉంటుంది. అడుగు గుండ్రంగా ఉండే మూకుడు ఊగుతుంది. మీ ఇంట్లో అన్నిటికంటే చిన్న గిన్నె, గుండ్రటి మూకుడు షోరూమ్‌కి పట్టుకెళ్లండి. ఎవరైనా చూసి నవ్వితే నవ్వనివ్వండి.

ఏది కట్టేశానో తెలియాలి అంటే నాబ్‌లు. తళతళలాడే స్టీలు నాబ్ మీద సన్నగా చెక్కిన గీత కనబడదు. ఆఫ్‌లో ఉందా, సిమ్‌లో ఉందా చేత్తో తడిమితే తెలిసేలా ఉండాలి. టచ్ ప్యానెళ్లు చూడ్డానికి బాగుంటాయి. తడి చేత్తో, పిండి చేత్తో వాడేవాళ్లని అడిగి చూడండి.

ఇక ఎత్తు. మామూలు స్టవ్వు గట్టు మీద నాలుగు నుంచి ఆరంగుళాలు పైకి లేస్తుంది. హాబ్ గట్టులోకి దిగిపోతుంది. అంటే అదే గట్టు మీద గిన్నె అంచు ఎత్తు మారిపోతుంది. వండేటప్పుడు గిన్నె అంచు మోచేతికి కాస్త కిందుగా ఉంటే భుజాలు నొప్పెట్టవు. పొట్టివాళ్లకి హాబ్ వరం. బాగా పొడుగువాళ్లకి గట్టు ఎత్తు పెంచకపోతే నడుం పోతుంది. గ్రానైట్ వేసేముందే, రోజూ ఎక్కువసేపు వండే మనిషిని అక్కడ నిలబెట్టి కొలవండి.

అన్నిటికంటే పెద్ద విషయం ఇంకోటుంది. వాళ్ల పాత ఇంట్లో ఒక పొద్దున పాలు పొంగి సిమ్‌లో ఉన్న మంట ఆరిపోయింది. అత్తయ్యగారు పూజ గదిలో ఉన్నారు. గ్యాస్ అలా వస్తూనే ఉంది. అక్క నిద్ర లేచి వాసన పట్టి కిటికీలు తీసింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఇంట్లో స్టవ్వు మాటొస్తే ఇప్పటికీ అక్క గొంతు మారుతుంది.

దీనికి మందు ఉంది. ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్ అంటారు. బర్నర్ పక్కన చిన్న పుల్లలా ఒక కడ్డీ కనిపిస్తుంది, అది థర్మోకపుల్. మంట తగిలి అది వేడిగా ఉన్నంతసేపు సన్నటి కరెంటు పుట్టి, లోపలి అయస్కాంతం గ్యాస్ దారిని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే కడ్డీ చల్లారి, దారి దానంతటదే మూసుకుంటుంది. బయటి కరెంటు అక్కర్లేదు. వెలిగించేటప్పుడు నాబ్‌ని కొన్ని సెకన్లు నొక్కిపట్టాలి, అంతే. ఖరీదైన హాబ్‌లన్నిటికీ ఇది ఉంటుందనుకోకండి. ప్రతి బర్నర్‌కీ ఉందా అని అడిగి బిల్లు కట్టండి. ఐదో కిలోవాట్‌కి పెట్టే డబ్బు దీనికి పెట్టడం మేలు.

చివరికి వాళ్లు తీసుకున్నది మూడు బర్నర్ల వెడల్పాటి హాబ్. పెద్ద బర్నర్ ఒకటి, ముందువైపు చిన్న బర్నర్ అత్తయ్యగారి పాలకి. మూడింటికీ ఆ సేఫ్టీ ఉంది. శనివారం గ్రానైట్ కోశారు. మిగిలిన డబ్బుతో చిమ్నీ వచ్చింది.

చూపులేని సైంటిస్టు చేసిన పొయ్యి

ప్రపంచంలో పేరున్న ఖరీదైన పొయ్యిల్లో ఒకటి ఆగా. దాన్ని తయారుచేసింది స్వీడన్‌కి చెందిన గుస్టాఫ్ డాలెన్. 1912లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న మనిషి. లైట్‌హౌస్ దీపాల గ్యాస్‌ని ఆటోమేటిక్‌గా అదుపు చేసే పరికరాలకి ఆ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఒక ప్రయోగంలో పేలుడు జరిగి చూపు పోయింది. ఇంటిపట్టున ఉన్న రోజుల్లో, పొయ్యి దగ్గర భార్య పడే అవస్థ ఆయన దృష్టికి వచ్చిందంటారు. 1922లో ఆగా పొయ్యి వచ్చింది. పోత ఇనుము శరీరం, లోపల వేడి ఎప్పుడూ నిలవ ఉంటుంది. పైన రెండు పలకలు. ఒకటి మరిగించడానికి, రెండోది సన్నగా ఉడకడానికి. కింద ఓవెన్లు కూడా అలాగే, ఒకటి పెద్ద వేడికి, ఒకటి సన్న వేడికి.

అది మన వాతావరణానికి సరిపడే వస్తువు కాదు. స్వీడన్ చలిలో ఇల్లు కూడా వెచ్చబరిచే పొయ్యి మే నెలలో విజయవాడలో ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కానీ దాని వెనక ఆలోచన మనకి పనికొస్తుంది. సన్న వేడికి పెద్ద వేడితో సమానంగా చోటిచ్చాడు. వండే మనిషి ఒంటికి ఏం పడుతుందన్న దగ్గర మొదలుపెట్టాడు.

సిలిండరా, పైపా?

మీకు వచ్చేది సిలిండర్ గ్యాసా, పైపు గ్యాసా అన్నది కొనేముందే తేల్చుకోండి. సిలిండర్ గ్యాస్ స్టవ్వుకి 30 మిల్లీబార్ల ఒత్తిడితో వస్తుంది. పైపులో వచ్చే సహజ వాయువు 21 మిల్లీబార్లు, దాని వేడి కూడా ఘనపు మీటర్‌కి తక్కువ. అందుకే దానికి జెట్ రంధ్రం పెద్దదిగా ఉండాలి. హైదరాబాద్‌లో ఇప్పుడు సిలిండర్ వాడుతూ రేపు పైపు రాబోతున్న కాలనీలు చాలా ఉన్నాయి. మీ మోడల్‌కి రెండు రకాల జెట్లు దొరుకుతాయా, మార్చడానికి ఎవరొస్తారు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. విదేశాల నుంచి తెప్పించుకునే భారీ పొయ్యిల విషయంలో ఇది మరీ ముఖ్యం. లక్షలు పోసి తెచ్చాక జెట్ దొరక్క మంట సరిగ్గా రాకపోతే అది షోకేస్ బొమ్మే.

ఎల్‌పీజీ గాలికంటే బరువు. లీకయితే నేలమీద పేరుకుంటుంది. సిలిండర్‌ని కబోర్డ్‌లో పెడుతున్నారంటే కింద, నేల దగ్గర గాలి పోయే సందులుండాలి. పైన జాలీ పెట్టి వదిలేస్తే లాభం లేదు. పైపు గ్యాస్ గాలికంటే తేలిక, అది పైకి చేరుతుంది. దానికి పైన దారి ఉండాలి. హాబ్ పెట్టాక రబ్బరు ట్యూబు కళ్లకి కనబడదు కాబట్టి మర్చిపోతాం. ఐఎస్‌ఐ గుర్తున్న సురక్ష ట్యూబు వాడండి, ఐదేళ్లకి మార్చండి. ఎల్‌పీజీ లీకేజీకి ఎమర్జెన్సీ నంబర్ 1906. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

మరి ఇండక్షన్?

ఈ ప్రశ్న రాకుండా ఉండదు. మంచి ఇండక్షన్ చాలా మంచిది. వేడి గిన్నె అడుగులోనే పుడుతుంది, వృథా తక్కువ. 2 కిలోవాట్ల ఇండక్షన్ మీద మన ఐదు లీటర్ల నీళ్లు 14, 15 నిమిషాల్లో మరుగుతాయి, కరెంటు అర యూనిట్ లోపే. వంటిల్లు వేడెక్కదు. పొంగినా ఆరడానికి మంటే లేదు.

కానీ దీనికీ సిమ్ టెస్ట్ పెట్టాలి. చవక ఇండక్షన్లు తక్కువ వేడిని ఇవ్వలేవు. ఫుల్‌లో కొన్ని సెకన్లు వెలిగి, కొన్ని సెకన్లు ఆగుతాయి. తక్కువ సెట్టింగ్‌లో నీళ్లు పెట్టి చూడండి. కాసేపు తుకతుకమని, కాసేపు చప్పబడిపోతుంటే అదే జరుగుతోంది. పాలు, పాకం, కోవా అడుగంటేది అందుకే. మంచి మోడల్ సన్న వేడిని ఆగకుండా ఇస్తుంది. ధరలో తేడా దానికే ఉండాలి.

ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి మీ గిన్నెల అడుగున పెట్టండి. అతుక్కోని గిన్నె ఇండక్షన్ మీద పనిచేయదు. ఇత్తడి, మామూలు అల్యూమినియం, మట్టికుండ అన్నీ అవుట్. జొన్నరొట్టె పొంగించడం, వంకాయ కాల్చడం కూడా అవుట్. నాలుగు జోన్ల ఇండక్షన్ హాబ్ అన్నీ కలిసి ఏడు కిలోవాట్ల దాకా లాగుతుంది. మీ కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతుందో చూశాకే దాని జోలికి వెళ్లండి. నా సలహా: మూడు బర్నర్ల గ్యాస్ హాబ్, పక్కన ఒక మంచి ఇండక్షన్. సిలిండర్ అయిపోయిన రోజు అది, కరెంటు పోయిన రోజు ఇది.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

వరుస చెబుతాను. మొదట ప్రతి బర్నర్‌కీ సేఫ్టీ. రెండు, నిలకడగా ఉండే సిమ్. మూడు, బర్నర్ల మధ్య దూరం, గట్టి ఇనుప కాళ్లు. నాలుగు, మీ ఊళ్లో సర్వీసు, స్పేర్ పార్టులు. ఐదు, పెద్ద మంట. ఆఖర్న రంగు, గ్లాసు డిజైన్. బ్రోషర్లలో ఈ వరుస సరిగ్గా తిరగబడి ఉంటుంది.

గ్లాసా, స్టీలా అంటే, గ్లాసు తుడవడానికి తేలిక. టఫెన్డ్ గ్లాసే అయినా వెడల్పాటి పెనం కింద వేడి బంధించి గంటలకొద్దీ వాడితే, వేడి మీద చల్లనీళ్లు ఒలికితే పగిలే ప్రమాదం ఉంది. పెద్ద పెనం, పెద్ద గిన్నెలు రోజూ వాడే ఇంటికి నేను స్టీలే చెబుతాను. గీతలు పడతాయి. పడనివ్వండి.

చిమ్నీని స్టవ్వు బడ్జెట్‌లోనే కలపండి. గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు. మంట పెద్దదయితే అదీ ఎక్కువే. గాలి బయటికి పంపే చిమ్నీ కానీ, కనీసం మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కానీ లేకుండా ఐదు కిలోవాట్ల బర్నర్ పెట్టొద్దు. ఇంట్లో చంటిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటే అసలే వద్దు.

ఈ వారం హోంవర్క్. ఫోన్‌లో ఒక నోట్ తెరిచి ఏడు రోజులు రాయండి. ఏం వండారు, ఏ మంట మీద, ఒకేసారి ఎన్ని గిన్నెలు, ఎవరు నిలబడి వండారు. ఆదివారం రాత్రి ఆ నోట్‌ని ఇంట్లో అందరూ కలిసి చదవండి. ఏ స్టవ్వు కావాలో సగం అక్కడే తేలిపోతుంది. ఎవరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో కూడా కనబడుతుంది. కొనడానికి వెళ్లేటప్పుడు ముందుగా కారెక్కాల్సింది ఆ మనిషే.